సామ్రాజ్యం పట్టీల యథాపూర్వ నలుపు

పోలీసు స్టేషనుకు ఎదురుగా కొట్టు పెట్టవద్దని మా నాన్న నాకు చెప్పి పోయి ఉంటే బాగుండేది. ఆయన చెప్పలేదు, నేను పెట్టాను. దాంతో మా మండలంలో ఎవరి మేక పోయినా, ఎవరి సైకిలు దొరికినా పంచనామాకు మధ్యవర్తిని నేనే. మధ్యవర్తి అంటే మరేమీ లేదు. పోలీసులు "ఈ వస్తువు ఫలానాచోట దొరికింది" అంటే, "అవును, నా కళ్ళెదుటే దొరికింది" అని సంతకం పెట్టే పెద్దమనిషి. ఊళ్ళో పెద్దమనుషులకు కొదవలేదు గానీ కేకేస్తే పలికే దూరంలో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. కొట్టు పేరు కోటిలింగం కిరాణా, నా పేరూ కోటిలింగమే.

సామ్రాజ్యం పట్టీలు పోయిన కేసులోనూ మధ్యవర్తిని నేనే. సామ్రాజ్యం మా వెనక వీధి మనిషి. మిరపకాయల గోడౌన్లో తొడిమలు తీసే పని. మొగుడు లారీ డ్రైవరు, ఊళ్ళో ఉండేది తక్కువ. ఇంట్లో ఉండేది ఆమె, ఆమె అత్త పేరమ్మ. పేరమ్మకు చూపు పోయి చాన్నాళ్ళయింది. ఈ మధ్య మతి కూడా కుదురుగా ఉండటం లేదు. కొడుకు ఫోన్లో మాట్లాడితే "ఏ ఊరు బాబూ మీది?" అని అడుగుతుంది. కోడలి గొంతు కూడా మరిచిపోయింది. మరవనిదల్లా కోడలి పట్టీల చప్పుడొక్కటే. ఆ మువ్వలు ఘల్లుమంటే "వచ్చావా సామ్రాజ్యం" అంటుంది, మంచం మీద లేచి కూర్చుంటుంది, నోరు తెరుస్తుంది, అన్నం తింటుంది. ఎన్నేళ్ళ నుంచో వాళ్ళ సంసారం ఆ చప్పుడు మీద నడుస్తోంది.

సామ్రాజ్యానికి జ్వరమొచ్చి కాళ్ళు వాచాయి. పట్టీలు బిగుసుకుపోతుంటే తీసి కిటికీలో పెట్టింది. తెల్లారేసరికి కిటికీ ఉంది, పట్టీలు లేవు. ఏడుస్తూ స్టేషనుకు వచ్చింది. హెడ్ కానిస్టేబులు జక్రయ్య ఫిర్యాదు రాసుకున్నాడు.

"ఎట్టా ఉంటయ్యమ్మా నీ పట్టీలు?"

"ఎట్టా ఉంటయ్యేంది బాబూ? మువ్వలుంటయ్యి. నల్లగా ఉంటయ్యి. పెళ్ళిలో పెట్టినయ్యి, తోముకునే తీరిక నాకేడిది?"

"నలుపంటే ఏ మాత్రం?"

"బాగా నలుపు."

జక్రయ్య "బాగా నల్లబడిన మువ్వల వెండి పట్టీలు, ఒక జత" అని రాశాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసే మనిషి. డిపార్టుమెంటులో అలాంటి వాళ్ళు అరుదు, ఎందుకు అరుదో నాకు తరవాత తెలిసింది.

"తొందరగా చూడండి బాబూ. మా అత్త అన్నం ముట్టట్లా. నేను పెడితే 'ఎవరమ్మా నువ్వు? మా కోడల్ని రానీ, తింటాలే' అంటంది. నేనే గదత్తా నీ కోడల్ని అంటే, 'మా కోడలైతే చప్పుడు రావద్దూ?' అంటంది" అంది సామ్రాజ్యం.

అన్యాయంగా చెప్పకూడదు, దొంగను పట్టుకోవడంలో మా స్టేషను ఆలస్యం చేయలేదు. దొంగ పేరు ఏడుకొండలు. బస్టాండులో జక్రయ్యను చూసి పరుగందుకున్నాడు. వాడు పరిగెత్తినంతసేపూ వాడి జేబులో మువ్వలు మోగుతూనే ఉన్నాయి. సంతలో జనం మధ్య దూరినా లాభం లేకపోయింది, జక్రయ్య ఆ చప్పుడు వెంట పోయి మెడ పట్టుకున్నాడు. నేను మధ్యవర్తిగా సంతకం పెట్టాను. సామ్రాజ్యం పరుగున వచ్చి, పట్టీలు చూసి, దణ్ణం పెట్టి, "ఇయ్యండి బాబూ, పోతా, ముసల్ది ఆకలితో ఉంది" అని చెయ్యి చాచింది.

"ఇస్తామమ్మా. ముందు ప్రెస్‌మీట్ అవ్వాలి" అన్నాడు ఎస్సై విజయసారథి.

ఇక్కడ మా జిల్లా పోలీసు పెద్దసారు గారి ఉద్యమం గురించి చెప్పాలి. అంతకు ముందు నెలలో ఎక్కడో దొరికిన వెండి సామాను ఫోటో పేపర్లో పడింది. నల్లబడిన వెండి ఫోటోలో కాల్చిన వంకాయల్లాగా కనపడింది. పోలీసులు కూరగాయల దొంగల్ని పట్టుకున్నారని జనం నవ్వుకున్నారు. పెద్దసారు గారికి మనసు కష్టపడింది. వెంటనే "మిలమిల రికవరీ" అనే కార్యక్రమం పెట్టారు. దాని సర్క్యులరు ఎస్సై నాకు చదివి వినిపించాడు: "రికవరీ సొత్తు యొక్క నిస్తేజత్వము శాఖ యొక్క నిస్తేజత్వముగా ప్రజలచే భావింపబడుచున్నది. కావున సదరు సొత్తును ప్రదర్శనకు పూర్వమే మెరుగు పెట్టవలెను. ఇందుకు ప్రత్యేక నిధులు లేనందున, సామాన్య గృహములయందు లభ్యమగు పదార్థములనే వినియోగించవలెను." మెరుపును బట్టి స్టేషన్లకు ర్యాంకులు కూడా ఇస్తారట. ఎంత కేసు అన్నది తరవాత సంగతి, ఎంత తళుకు అన్నదే ముఖ్యం.

సామాన్య గృహములయందు లభ్యమగు పదార్థాలన్నీ అమ్మేది నేనే. కాబట్టి స్టేషను మొత్తం నా కొట్టుకు దిగింది.

"టూత్‌పేస్టు. తెల్లదే. పాత బ్రష్షు పెట్టి రుద్దితే అద్దంలాగా వస్తుంది" అన్నాడు ఎస్సై.

"పేస్టు గరుగ్గా ఉంటది సార్, వెండి అరిగిపోద్ది. మా పక్కింటోళ్ళు విభూది పెట్టి తోముతారు. చింతపండు రసంలో నానేసి, విభూది అద్ది, మెత్తటి గుడ్డతో" అన్నాడు జక్రయ్య.

మహిళా కానిస్టేబులు కల్పలత ఇద్దరి మాటా ఒప్పుకోలేదు. "అల్యూమినియం రేకు గిన్నెలో పరిచి, వేణ్ణీళ్ళు పోసి, వంటసోడా, ఉప్పు వేసి పట్టీలు అందులో వదిలితే రుద్దే పనే లేదు సార్. నలుపంతా రేకుకు పోద్ది" అంది.

వాదన ముదిరింది. ముగ్గురి ఇళ్ళల్లోనూ వెండి తెల్లగానే ఉంటుంది కాబట్టి ఎవరూ తగ్గలేదు. చివరికి ఎస్సై తీర్పు చెప్పాడు. డిపార్టుమెంటు అన్నాక ఒక వరస ఉంటుంది, సీనియారిటీ ప్రకారం పోదాం అన్నాడు. మొదట ఎస్సై గారి పేస్టు, తరవాత హెడ్డు గారి చింతపండు విభూది, ఆఖర్న కానిస్టేబులు గారి సోడా ఉప్పు. పేస్టుతో కొంత పోయింది. విభూదితో స్టేషను గుడిలాగా అయింది. కల్పలత వేణ్ణీళ్ళు పోయగానే మాత్రం గిన్నెలోంచి మురిగిన గుడ్డు కంపు గుప్పుమంది, లాకప్పులో ఏడుకొండలు ముక్కు మూసుకున్నాడు, పట్టీలు కొత్త పెళ్ళికూతురివిలాగా బయటికొచ్చాయి. పని చేసింది కల్పలత పద్ధతి. ప్రెస్‌మీట్లో అభినందనలు ఎస్సై పేస్టుకు దక్కాయి.

ఫోటో బాగా వచ్చింది. మిలమిలలో మా స్టేషనుకు జిల్లాలో మొదటి ర్యాంకు వచ్చింది. సామ్రాజ్యం మళ్ళీ వచ్చింది. పట్టీలు ఆడించి చూసి, "తెల్లగా ఉన్నయ్యి గానీ నాయే" అంది. మువ్వలు మోగినప్పుడు ఆమె మొహం వెలిగింది. కానీ సొత్తు కోర్టుకు పోవాలి, అక్కణ్ణించి ఆమె విడిపించుకోవాలి. ఎంతసేపు, రెండు రోజుల పని అన్నారు.

కోర్టు నుంచి పట్టీలు తిరుగు టపాలో వచ్చాయి. పైన ఒక ప్రశ్న అంటించి ఉంది: ఫిర్యాదులోని సొత్తు "బాగా నల్లబడినది." మీరు దాఖలు చేసిన సొత్తు కళ్ళు మిరుమిట్లు గొలుపుచున్నది. ఈ రెండూ ఒకే సొత్తు ఎట్లగును?

ఎస్సై ఆ ప్రశ్నను రెండుసార్లు చదివాడు. పెద్దసారు గారి ఆఫీసుకు ఫోన్ చేశాడు. మిలమిల చేయమన్నది మీరే గదా అని అడగబోయాడు గానీ అవతలి వాళ్ళు అడగనివ్వలేదు. మిలమిల అనేది ప్రదర్శన నిమిత్తం, సాక్ష్యం నిమిత్తం కాదు అన్నారు. సొత్తును "యథాపూర్వ నలుపుకు" తీసుకువచ్చి మళ్ళీ దాఖలు చేయమన్నారు. యథాపూర్వ నలుపు అన్న మాట అప్పటికి ఏ శాస్త్రంలోనూ లేదనుకుంటాను. ఆ సాయంత్రానికి మా స్టేషన్లో దానికొక కమిటీ ఉంది.

నలుపు నిర్ధారణ కమిటీకి ఎస్సై అధ్యక్షుడు, జక్రయ్య సభ్యుడు. నేను ఎప్పటిలాగే మధ్యవర్తిని. నలుపు స్థితిలో ఆ పట్టీలను ఫిర్యాదుదారు తరవాత దగ్గరగా చూసిన మనిషి ఒక్క ఏడుకొండలే కాబట్టి, బెయిలు మీద బయటికొచ్చిన వాణ్ణి సాంకేతిక సభ్యుడిగా వేశారు. వాడు ఆ హోదాకు తగ్గట్టు చొక్కా ఉతుక్కుని వచ్చాడు, కుర్చీ కూడా అడిగాడు.

సామ్రాజ్యాన్ని పిలిపించారు. నా కొట్లోంచి ఒక పళ్ళెంలో మినుములు, ఆవాలు, మిరియాలు, పాత చింతపండు, నల్లబెల్లం నమూనాలుగా తెప్పించి ఆమె ముందు పెట్టారు.

"ఇందులో నీ పట్టీల నలుపు ఏదో నిదానంగా చూసి చెప్పమ్మా. తొందరేం లేదు" అన్నాడు ఎస్సై.

"తొందర నాకుంది బాబూ! ముసల్ది పక్కింటావిడ చేత్తో ఇచ్చిన పాలు రెండు గుక్కలు తాగి పడుకుంటంది. బంగారం కొట్లో గిల్టు పట్టీలు కొని యేసుకున్నా. 'ఎవరిదో చిన్నపిల్ల ఇంట్లో తిరగతా ఉంది, పంపించెయ్యండి' అంటంది. నా పట్టీలు నాకు పారెయ్యండి. నలుపే గదా మీకు కావాల్సింది? కాళ్ళకేసుకొని మిరపకాయల్లో తిరిగితే నెల తిరక్కుండా ఎక్కుద్ది."

"అది సహజ నలుపమ్మా. సహజ నలుపుకు వ్యవధి పడుతుంది. శాఖకు వ్యవధి లేదు. నువ్వు ముందు మినుములు చూడు."

ఆమె పళ్ళెం వంక చూసి, మా వంక చూసి, మిరియాలకూ చింతపండుకూ మధ్య ఎక్కడో వేలు పెట్టి వెళ్ళిపోయింది. ఆ వేలు పెట్టిన చోటును జక్రయ్య కాగితం మీదికి ఎక్కించాడు.

అప్పుడు సాంకేతిక సభ్యుడు గొంతు సవరించుకున్నాడు. "నేనొక మాట మనవి చేస్తానండీ. అంత నల్లగా ఉంటే నేను తీసేవాణ్ణే కాదు. ఇనపయ్యి అనుకొని వదిలేసేవాణ్ణి. చీకట్లో ఒక పక్క కాస్త మెరిసింది కాబట్టే..."

"నువ్వు సాంకేతికం వరకే మాట్లాడు. కేసు జోలికి రాకు" అన్నాడు ఎస్సై.

"సాంకేతికమైతే కోడిగుడ్డండీ. నేను టౌన్లో హోటల్లో చేసేటప్పుడు ఓనరు గారి వెండి చెంచా ఉడికిన గుడ్డు సొనలో మరిచిపోయా. పొద్దునకల్లా నల్లబడింది. నన్ను కొట్టారు గూడానూ."

కొట్టించుకున్న అనుభవం కాబట్టి కమిటీకి నమ్మకం కుదిరింది. నా కొట్లో ఉన్న గుడ్లన్నీ ఎదురుగా పోయాయి. స్టేషన్లో గుడ్లు ఉడికాయి. తెల్లసొన సిబ్బంది తిన్నారు, పచ్చసొన సామ్రాజ్యం పట్టీలకు పెట్టారు. ఊరికే పక్కన పెడితే చాలదేమోనని జక్రయ్య సొనను వెన్నలాగా మెదిపి, మువ్వ మువ్వకూ పట్టించి, టిఫిను క్యారియర్లో పెట్టి మూత బిగించాడు. మర్నాడు తీస్తే పట్టీలు పెనం అడుగులాగా ఉన్నాయి. నిర్ధారిత నలుపు మిరియాలకూ చింతపండుకూ మధ్య గదా, ఇది దాన్ని దాటిపోయింది. పేస్టు పెట్టి తగ్గించారు. తగ్గించేసరికి తెల్లబడింది. మళ్ళీ గుడ్లు తెప్పించారు.

ఆ తరవాత ఇక అదే రోజువారీ పని అయిపోయింది. ఒకళ్ళు నలుపెక్కిస్తుంటే ఒకళ్ళు తెలుపెక్కిస్తున్నారు. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్ళను "సాయంత్రం రండి, సొత్తు పొయ్యి మీద ఉంది" అని పంపించేస్తున్నారు. కల్పలత ఒకసారి సాహసించి, సార్, కోర్టుకు ఉన్న సంగతి రాసేద్దామండీ, మనమే తోమామని, అంది. ఎస్సై ఆమె వంక జాలిగా చూశాడు. ఉన్న సంగతి రాసే అలవాటు జక్రయ్య ఒక్కడికి ఉన్నందుకే ఇంత జరిగిందన్నాడు.

నాకు కోపమొచ్చింది. ఎస్సై మంచివాడే, నా కొట్లో కూర్చుని సోడా తాగే మనిషి, అయినా కోపమొచ్చింది. నేను ముందురోజు పేరమ్మను చూసి వచ్చాను. మంచానికీ దుప్పటికీ మధ్య మనిషి ఉందో లేదో తెలియకుండా ఉంది. సామ్రాజ్యం గిన్నెతో పక్కన కూర్చుని "ఒక్క ముద్దత్తా" అంటుంటే, ముసలమ్మ ఎంతో మర్యాదగా, "వద్దులేమ్మా, పరాయివాళ్ళింట్లో తినను. మా కోడలు కోప్పడుద్ది" అంటోంది. సామ్రాజ్యం గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయి ఏడ్చింది.

నేను స్టేషనుకు పోయి అన్నాను: "సార్, ముసలమ్మ చిక్కి సగమైంది. ఈ నలుపుల సంగతి తరవాత చూసుకోవచ్చు. పట్టీలు ఒక్క పూట ఇప్పించండి, అన్నం తినిపించి తెచ్చిస్తాను."

"మానవతా కోణాన్ని కూడా పరిశీలిస్తున్నాం కోటిలింగం గారూ. ముందు నలుపు కోణం తేలాలి" అన్నాడు ఎస్సై.

చివరికి ఒకరోజు నలుపు తేలింది. మిరియాలకూ చింతపండుకూ సరిగ్గా మధ్యలో నిలిచింది. ఇంకో చిక్కు కూడా దానంతట అదే విడిపోయింది. ఇన్నిసార్లు పేస్టు పెట్టి రుద్దడం వల్ల వెండి అరిగి తూకం తగ్గిందేమోనని ఎస్సైకి బెంగగా ఉండేది. తూచి చూస్తే పంచనామాలో రాసుకున్నంతా ఉంది. దేవుడున్నాడు అని ఆయన కళ్ళకద్దుకున్నాడు. దేవుడి సంగతేమో గానీ, మువ్వల్లో ఎండిపోయిన పచ్చసొన ఉందని నేను తరవాత గ్రహించాను. ఆ క్షణాన మాత్రం ఎవరూ పట్టీలను ఆడించి చూడలేదు. ఇక ఎవరూ వాటిని ముట్టుకోరాదని ఎస్సై ఆజ్ఞ వేశాడు.

నలుపు సరిపోయినా కోర్టుకు అనుమానం పోలేదు. తహసీల్దారు గారి సమక్షంలో ఫిర్యాదుదారు తన సొత్తును, అలాంటివే మరికొన్ని కలిపి ఉంచిన వాటిలోంచి గుర్తించాలన్నారు. అలాంటివే అంటే అంత నల్లని మువ్వల పట్టీలు కావాలి. ఊళ్ళో అందరి పట్టీలూ తెల్లగానే ఉన్నాయి. దాంతో సిబ్బంది తలా ఒక జత ఇంటి నుంచి తెచ్చారు. కొందరు భార్యలకు చెప్పి తెచ్చారు. ఎస్సై విజయసారథి చెప్పకుండా తెచ్చాడు. ఆయన భార్య నీరజ గారు పుట్టింటికి వెళ్ళి ఉన్నారు, బీరువా తాళం దొరికింది. చేయి తిరిగిన జక్రయ్య అన్నిటికీ సమానంగా సొన పట్టించాడు. అన్నీ ఒకే కాన్పులో పుట్టినట్టు తయారయ్యాయి.

గుర్తింపు రోజున తహసీల్దారు ఆఫీసు హాల్లో పచ్చగుడ్డ పరిచి పట్టీలు పేర్చారు. నేను ఒక మూల నిలబడ్డాను. సామ్రాజ్యం అత్తను కూడా రిక్షాలో వేసుకొచ్చింది, ఇంట్లో వదిలే పరిస్థితి లేదు. పేరమ్మను వరండా బల్ల మీద కూర్చోబెట్టి, అన్నం క్యారియరు పక్కన పెట్టి లోపలికొచ్చింది.

"ఫిర్యాదుదారు నిష్పక్షపాతముగా చూసి తన సొత్తును గుర్తించవలెను" అన్నారు తహసీల్దారు గారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కాగితాలు మాత్రమే చూసే అలవాటున్న మనిషి.

సామ్రాజ్యం చూసింది. ఒంగి మళ్ళీ చూసింది. "అన్నీ ఒకటే మాదిరిగా ఉన్నయ్యమ్మా."

"మీ పట్టీలను మీరు గుర్తించలేరా?"

"నేనేనాడు చూశానమ్మా వాటిని? అయ్యి కాళ్ళకుంటయ్యి, నేను మిరపకాయలు చూసుకుంటా. ఒకసారి ఆడిస్తా, వింటే చెబుతా."

వినడం నిబంధనల్లో ఉందా అని తహసీల్దారు గారు వెతికారు. లేదని కూడా లేదు కాబట్టి సరే అన్నారు. సామ్రాజ్యం ఒక జత తీసి ఆడించింది. చప్పుడు రాలేదు. రెండోది ఆడించింది. లోపల ఏదో మెత్తగా కదిలినట్టయింది గానీ మోగలేదు. వరసగా అన్నీ తీసింది. ఒక్కటీ పలకలేదు.

"ఏం చేశారయ్యా నా పట్టీల్ని? మూగయ్యి చేశారే! ఇయ్యి తీసుకుపోయి నేనేం చేసుకోను? మా అత్త చచ్చిపోద్దయ్యా!"

అని నేల మీద కూలబడి ఏడ్చింది. జక్రయ్య కిటికీ వైపు తిరిగాడు.

సరిగ్గా అప్పుడే నీరజ గారు వచ్చారు. పుట్టింటి నుంచి దిగి, బీరువా తెరిచి, పట్టీల స్థానంలో ఖాళీ పెట్టె చూసి, కానిస్టేబులును గద్దించి సంగతి రాబట్టి, అదే ఆటోలో ఇటు వచ్చేశారు. పచ్చగుడ్డ దగ్గరికి పోయి ఒక పట్టీ తీసి గోటితో గీరి, వాసన చూశారు.

"గుడ్డు! మా అమ్మమ్మ పట్టీలకు గుడ్డు పూశారా? శనివారం పూట?"

"నీరజా, ఇది అధికారిక కార్యక్రమం..." అన్నాడు విజయసారథి.

ఆవిడ మొగుడి వంక చూడలేదు. నా వంక చూశారు. "కోటిలింగం గారూ, కుంకుడుకాయలు తెప్పించండి. వేణ్ణీళ్ళు కాచి ఒక బకెట్టు పెట్టమనండి."

తహసీల్దారు గారు లేచారు. "అమ్మా, సొత్తును కడగడం సాక్ష్యమును తారుమారు చేయడమగును."

"నా పట్టీలు సాక్ష్యం కాదుగదండీ? నావి నేను కడుక్కుంటాను."

"మీవి ఏవో తేలినచో మీరు కడుక్కొనవచ్చును."

"కడిగితే గాని తేలవండీ. కాబట్టి అన్నీ కడుగుతాను."

తహసీల్దారు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో తన మాటల్లోనే తనకు సమాధానం చెప్పిన మనిషి ఆవిడకు తగిలినట్టు లేదు. "అన్యుల సొత్తును అన్యులు శుభ్రపరచుకొనుటకు అభ్యంతరము లేదు" అని కాగితం మీద రాసి, కూర్చున్నారు.

నీరజ గారు కొంగు దోపారు. కల్పలత వచ్చి కలిసింది. కుంకుడు నురగలో పట్టీలన్నీ మునిగాయి. మువ్వల్లోంచి పచ్చటి ముక్కలు ఊడి నీళ్ళ మీదికి తేలాయి. జక్రయ్య కూడా చొక్కా చేతులు మడిచి పుల్లతో మువ్వలు గెలకడానికి కూర్చున్నాడు. సొన పోయింది గానీ నలుపు పూర్తిగా పోలేదు. అక్కడక్కడా తెల్లగా, అక్కడక్కడా మసిగా, కమిటీ ఏ నమూనాకూ చెందని రంగులో మిగిలాయి.

నీరజ గారు ఒక్కొక్క జతా తీసి ఆడించి, దులిపి పక్కన పెడుతున్నారు. ఒకటి సన్నగా మోగింది, కల్పలతది. ఒకటి గలగలమంది, అది నీరజ గారిదే, గుండెకు హత్తుకున్నారు. తరవాతది తీసి ఆడించారు. కాస్త బొంగురుగా, ఘల్లు ఘల్లుమని మోగింది.

వరండాలోంచి కేక వినపడింది. ఆ ఒంట్లోంచి అంత గొంతు వస్తుందని నేను అనుకోలేదు.

"ఒసే సామ్రాజ్యం! యాడ చచ్చావే ఇన్నాళ్ళూ? ఎవత్తో నన్ను రిక్షాలో ఎక్కించుకొని ఊరంతా తిప్పతా ఉంది! నువ్వు లేకుండా చూసి నన్ను ఎత్తుకుపోతన్నారే!"

సామ్రాజ్యం ఏడుపు ఆపి నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి, కుంకుడు నురగ వల్ల కాదు.

గుర్తింపు పూర్తయింది. గుర్తించినది ఫిర్యాదుదారు కాదు, గుర్తించిన మనిషికి చూపు లేదు. దీన్ని "చూచి గుర్తించినట్టు" ఎలా రాయాలో తహసీల్దారు గారికి ఒక గంట పట్టింది. చివరికి పట్టీలను తాత్కాలికంగా సామ్రాజ్యానికి అప్పగించవచ్చని, అయితే కేసు తేలేవరకు ఒక షరతు ఉంటుందని చదివారు: "సదరు సొత్తును ప్రస్తుత స్థితిలోనే భద్రపరచవలెను. తోమరాదు. నల్లబరచరాదు. ధరించినచో నల్లబడును కావున ధరించరాదు."

"అట్టాగేనమ్మా, భద్రంగా ఉంచుతా" అంది సామ్రాజ్యం. అక్కడే నేల మీద కూర్చుని, ఒక కాలు చాచి, పట్టీ చుట్టి శీల బిగించింది. తరవాత రెండోది.

"మేడం! షరతు! అదుగో, ధరిస్తోంది!" అన్నాడు ఎస్సై.

"నేను రాసుకుంటున్నాను విజయసారథి గారూ. తల ఎత్తలేదు" అన్నారు తహసీల్దారు గారు. ఆవిడ కలం ఆగి ఉన్న సంగతి నేను చూశాను. ఎస్సై ఇంకేదో అనబోతే నీరజ గారు ఆయన వైపు తిరిగారు, ఆయన టోపీ సర్దుకున్నాడు.

తరవాత జిల్లా నుంచి కొత్త సర్క్యులరు వచ్చిందని, మిలమిల రద్దయి "గలగల రికవరీ" మొదలైందని, ప్రతి స్టేషనూ దొరికిన సొత్తు చప్పుడును రికార్డు చేయాలని అంటున్నారని విన్నాను. దొరికిన ఎద్దు అరవకపోతే ఏం చేయాలో కూడా ఏదో కమిటీ వేశారట. దాని మధ్యవర్తిని కూడా నేనే అవుతాను, నాకేం తప్పుతుంది.

ఆ రోజు మాత్రం నేను కొట్టుకు తొందరగా పోలేదు. సామ్రాజ్యం ఘల్లు ఘల్లుమంటూ వరండాలోకి పోయింది. పేరమ్మ చేతులు తడుముకుంటూ కోడలి కాళ్ళు పట్టుకుని, పట్టీలు పట్టుకుని, ఆ చేత్తోనే కోడల్ని ఒక్కటి వేసింది. సామ్రాజ్యం క్యారియరు విప్పి, అన్నంలో పప్పు కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. ముసలమ్మ నోరు తెరిచింది. నమిలింది. మేమందరం, ఎస్సైతో సహా, గుమ్మంలో నిలబడి చూస్తున్నాం.

"పప్పులో ఉప్పు తక్కువైందే" అంది పేరమ్మ, ఇంకో ముద్దకు నోరు తెరుస్తూ.